మేజర్ ఎడమ చెవి

ఉప్పల్,
8 జనవరి 1993

గౌరవనీయులైన జ్ఞానయ్య పెదనాన్నకు హన్నా వందనాలు.

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానో ముందు చెబుతాను. వచ్చే నెల ఇరవై ఎనిమిదో తేదీ లోపల మన కుక్క మేజర్‌ని కాలనీ దాటించాలని కాలనీ సంఘం వారు తీర్మానం చేశారు. దాన్ని ఆపగలిగే మనిషి మీరొక్కరే అని నా నమ్మకం.

మీరు రిటైరై సదాశివపేట వెళ్లి మూడేళ్లయింది కాబట్టి కొంచెం వెనక నుంచి రాస్తాను. నాన్న ఇంకా శ్రీనిధి కాలనీ వాచ్‌మన్‌గానే ఉన్నాడు. మేము నీళ్ల ట్యాంకు పక్క గదిలోనే ఉంటున్నాం. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నెలకొకసారి జరిగే సంఘం మీటింగుకు మినిట్స్ పుస్తకం రాసేది నేనే. "ఆశీర్వాదం కూతురి చేతిరాత ముత్యాలు" అన్నారు అధ్యక్షులు చిదంబరం గారు. మా ఇంట్లో పెన్ను పట్టిన మొదటిదాన్ని కదా, ఆ మాట విన్న రోజు అమ్మ సేమియా పాయసం వండింది. ఆ చేతిరాతే ఇప్పుడు మా కొంప ముంచింది.

డిసెంబరులో మూడో వీధి బసవరాజు గారి డాబర్‌మన్, చిదంబరం గారి భార్య అనంతలక్ష్మి గారి చెయ్యి కరిచింది. ఆమె రోజూ పొద్దున్నే అందరి ప్రహరీల మీంచీ మందారాలు కోస్తారు. ఆ రోజు గేటు తెరిచి ఉంటే లోపలి కొమ్మ మీదికి మనసు పోయింది. పాపం, బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్నారు. ఆ తర్వాత ఏ ఇంట్లో ఏ జాతి కుక్క ఉందో పట్టిక రాయమని సంఘం వారు నాకు చెప్పారు. కుక్కలకు కూడా సూదులు వేయిస్తారేమో అనుకున్నాను. పదకొండు ఇళ్లు తిరిగి, చివరికి మా గది దగ్గరికి వచ్చి నాన్నను అడిగాను.

"జాతి ఏమని రాయాలె నాన్నా?"

"ఏంది గట్ల అడుగుతవ్? తెల్వదా నీకు? అల్సేషియన్. అసలైన అల్సేషియన్ అని రాయి."

రాశాను. అలవాటు కొద్దీ అందంగా రాశాను.

పోయిన ఆదివారం మీటింగుకు చిదంబరం గారు పేపరు కత్తిరింపు ఒకటి తెచ్చారు. ఇంగ్లండులో రెండేళ్ల కిందట నాలుగు జాతుల కుక్కల మీద చట్టం చేశారట. ఆ నాలుగు పేర్లూ ఆయన చదివితే ఎవరికీ నోరు తిరగలేదు. అందులో ఒకటి జపాను కుక్క. అలాంటిది ఉప్పల్‌లో ఒక్కటీ లేదు. అందుకని ఆ పేర్లు తీసేసి మనవాళ్లు విన్న పేర్లు వేశారు: అల్సేషియన్, డాబర్‌మన్, బాక్సర్, బుల్‌డాగ్. ఇవి కాలనీలో ఉండకూడదు. నాటు కుక్కలకు ఈ నిబంధన వర్తించదు. ఆ తీర్మానం కూడా నేనే రాశాను, పెదనాన్నా. రాస్తుంటే మేజర్ నా పాదాల మీద పడుకుని ఉంది.

మర్నాడు కాలేజీ లైబ్రరీలో కుక్కల బొమ్మల పుస్తకం తెరిచి చూశాను. అల్సేషియన్‌కు రెండు చెవులూ నిలబడి ఉన్నాయి. మేజర్ ఎడమ చెవి సంగతి మీకు తెలుసు. ఆరేళ్ల కిందట పశువుల దవాఖానాలో కాంపౌండరుగా ఉన్న మీరే దాన్ని నాన్న చేతిలో పెట్టి, ఆరు నెలలకు ఆ చెవి లేస్తుందన్నారు. నాన్న రోజూ ఆముదం రాశాడు. అట్టముక్క పెట్టి ప్లాస్టరు వేశాడు. అది లేవలేదు. ఎవరైనా అడిగితే "చిన్నప్పుడు దెబ్బ తాకింది" అంటాడు.

నా భయం ఇదీ. నాన్నను పనిలో పెట్టుకున్న రోజు మినిట్స్‌లో "వాచ్‌మన్‌గా ఆశీర్వాదం, అల్సేషియన్ కుక్కతో సహా" అని రాసి ఉంది. మేజర్ అల్సేషియన్ అయితే మేజర్ పోతుంది. కాకపోతే నాన్న మాట పోతుంది, దాని వెంట పని కూడా పోతుందేమో. అయినా నాకు నిజం కావాలి. మేజర్ తల్లి ఎవరు? ఎక్కడిది? మీకు తెలిసింది ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపండి. నేను ఇలా అడిగినట్టు నాన్నకు తెలియదు.

విక్టోరియా పెద్దమ్మకు నా వందనాలు.

మీ బిడ్డ,
హన్నా


సదాశివపేట,
18 జనవరి 1993

చిరంజీవి హన్నాకు పెదనాన్న దీవెనలు.

నీ ఉత్తరం అందింది. చేతిరాత నిజంగానే ముత్యాలు. మీ పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఆశీర్వాదం బిడ్డ గింత పెద్దగైందా!" అని కళ్లు తుడుచుకుంది. ఆమెకు మోకాళ్ల నొప్పి ఎక్కువైంది. చలి కూడా బాగా ఉంది. ఈ ఏడాది శనగ బాగా పండింది. ఒక సంచి మీకు పంపుదామనుకుంటున్నాను. చర్చిలో కొత్త గంట పెట్టారు. అది మోగితే మా కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయని మీ పెద్దమ్మ పాస్టరు గారి మీద కోపంగా ఉంది.

నువ్వు కుక్క జాతి గురించి అడిగావు. బిడ్డా, జాతి అనేది పెద్ద శాస్త్రం. నేను గాయాలకు మందు పూసిన కాంపౌండర్ని. సర్టిఫికెట్లు ఇచ్చే అధికారం డాక్టర్లది. నేను తెల్లకాగితం మీద రాస్తే దానికి విలువేముంది? పైగా అప్పట్లో దవాఖానాకు రోజుకు ఎన్ని జీవాలు వచ్చేవో నీకేం తెలుసు. అన్నీ గుర్తుండవు.

ఒక పని చేయండి. మేజర్‌ని నా దగ్గరికి పంపండి. ఇక్కడ నాకు దొడ్డి ఉంది, ఏ సంఘమూ లేదు. కోళ్లను ముట్టకపోతే చాలు. మీ నాన్నకు చూడాలనిపించినప్పుడల్లా వచ్చి చూసుకుంటాడు. నాకూ అతన్ని చూసినట్టుంటుంది.

ఎడమ చెవి ఇంకా లేవలేదా? కొన్నిటికి ఆలస్యంగా లేస్తుంది.

నీ పెదనాన్న,
జ్ఞానయ్య


ఉప్పల్,
29 జనవరి 1993

పెదనాన్నకు హన్నా వందనాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. శనగలకు, మోకాళ్లకు, కోళ్లకు అన్నిటికీ అందులో చోటు ఉంది. నేను అడిగినదానికే లేదు. మేజర్‌కు వచ్చే నెలకు ఆరేళ్లు నిండుతాయి. ఇంకెప్పుడు లేస్తుంది ఆ చెవి?

మీరు కోపం తెచ్చుకోకండి. ఇక్కడి సంగతి చెబితే నా తొందర మీకే అర్థమవుతుంది. మొన్న సాయంత్రం చిదంబరం గారు గేటు దగ్గర ఆగారు. ఆయన చెడ్డవారు కాదు. మేజర్ తల నిమిరి, చెవి పట్టుకుని చూసి, నెమ్మదిగా అన్నారు.

"ఏమోయ్ ఆశీర్వాదం, ఇది నిజంగా అల్సేషియనేనా? చెవి చూస్తే నాకు అనుమానంగా ఉంది. నువ్వు కాదని ఒక్క మాట చెప్పు, పట్టికలోంచి కొట్టేయిస్తాను."

ఇంతకంటే పెద్ద తలుపు ఎవరైనా తెరుస్తారా? నాన్న టోపీ సర్దుకున్నాడు.

"అనుమానం ఎందుకు సార్? దవాఖానా జ్ఞానయ్యన్న స్వయంగ తెచ్చి ఇచ్చిండు. పెద్ద ఆఫీసరు బంగ్లాల పుట్టిన పిల్ల. నేను కాదంటే జ్ఞానయ్యన్నను అబద్ధాలకోరు చేసినట్టు కాదా?"

"అయితే రూల్ ప్రకారం పంపించాలి మరి."

"పంపిస్త సార్. రూల్ అందరికీ ఒక్కటే."

ఆయన వెళ్లాక అమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి లేచింది. "జాతి సంకల పెట్టుకుని కుక్కను బయటికి పంపుతవా? నాకు జాతేందో తెల్వది. నేను వేసిన రొట్టె తింటది, నేను దగ్గితే లేస్తది. గా కుక్క నాకు కావాలె" అంది. మా అమ్మ సువార్తమ్మ అంత పొడుగు మాట మాట్లాడటం మీరు కూడా విని ఉండరు. అయినా నాన్న మర్నాడు కొత్త గొలుసు కొనుక్కొచ్చాడు. మేజర్‌ని పంపమని మీరు రాసిన ముక్క ఒక్కటే చెప్పాను, దాంతో సదాశివపేట బస్సులో కుక్కను ఎక్కనిస్తారా అని కండక్టరును అడిగి వచ్చాడు. మేజర్‌ని ట్యాంకు కింద కూర్చోబెట్టి, పెళ్లికి పంపుతున్నట్టు సబ్బు పెట్టి రుద్దుతున్నాడు. ఎడమ చెవికి మళ్లీ ఆముదం రాస్తున్నాడు. మీ ముందు అది పడిపోయి కనిపిస్తే మీరు చిన్నబుచ్చుకుంటారట.

ఇంకో మాట. నాచారం నుంచి పాలు తెచ్చే కిష్టమ్మ మీకు గుర్తుందా? కాలనీ కట్టకముందు ఈ చుట్టుపక్కల పొలాలు వాళ్లవే. ఆమెను మేజర్ సంగతి అడిగితే "అల్సేషియనా? ఊఁ" అని పైట నోటికి అడ్డం పెట్టుకుని పాలు పోసి పోతుంది. కాలనీలో అందరినీ చూసి మొరిగే మేజర్, ఆమెను చూసి ఒక్కసారీ మొరగలేదు.

పెదనాన్నా, మీరు ఏదో దాస్తున్నారు. చిన్నప్పుడు నా చేత బడి ఫారం నింపించి, "తెలియకపోతే తెలియదని రాయి, తెలిస్తే తెలిసినట్టు రాయి" అన్నది మీరే. ఇప్పుడు నేను అదే అడుగుతున్నాను.

హన్నా


సదాశివపేట,
7 ఫిబ్రవరి 1993

బిడ్డా హన్నా,

నా మాటే నాకు అప్పజెప్పావు. రెండు రోజులు అన్నం సయించలేదు. మీ పెద్దమ్మ, "ఏంది, ఉత్తరంల ఎవరన్న పోయిన్రా?" అని అడిగింది. ఆమెకు కూడా ఈ సంగతి ఇప్పుడే చెప్పాను.

నువ్వప్పుడు ఎనిమిదో తరగతి. మీ నాన్న పని చేసే మిల్లు మూతపడింది. నువ్వు బడికి, మీ అమ్మ ఇళ్లలో పనికి వెళ్లాక అతను వచ్చి దవాఖానా వరండాలో కూర్చునేవాడు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడు. టీ ఇస్తే తాగేవాడు. మాట మాత్రం లేదు. నీకిది తెలియదు, నీకు తెలియకూడదని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

అదే వారం నాచారంలో ఒక కొట్టం కాడి కుక్క లారీ కింద పడి చనిపోయింది. దాని నాలుగు పిల్లల్ని బుట్టలో పెట్టి దవాఖానాకు తెచ్చారు. మూడు బతకలేదు. ఒకదానికి నేను చుక్కల గొట్టంతో పాలు పట్టాను. వరండాలో కూర్చున్న మీ నాన్నను, "ఇది నువ్వు తీసుకుపో తమ్మీ" అని అడిగాను. అతను నా వైపు చూడను కూడా చూడలేదు. "నాకే దిక్కు లేదన్నా. ఇగ గీ ఊరకుక్కనొకటి సాదాల్నా?" అన్నాడు.

మూడు రోజులు గడిచాయి. ఇద్దరూ బతికేటట్టు కనిపించలేదు, పిల్లా అతనూ. నాలుగో రోజు నాకేం బుద్ధి పుట్టిందో, పిల్లను కొత్త తువ్వాలలో చుట్టి తెచ్చి చెవిలో చెప్పాను: "తమ్మీ, ఎవరితోటీ అనకు. పెద్ద ఆఫీసరు బంగ్లాల అల్సేషియన్ పిల్ల. మంది అడుగుతున్నరు. నీకైతేనే ఇస్త."

నువ్వు అతని ముఖం చూసి ఉండాల్సింది. రెండు చేతులూ చాపాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి పాలు ఎంత, ఎన్నిసార్లు, ఎండలో పెట్టవచ్చా అని ప్రశ్న మీద ప్రశ్న. వరండాలో కూర్చోవడం మానేశాడు. కుక్క పెరిగింది, కాలనీలో పని దొరికింది. పెరిగాక నిజం చెబుదామనుకున్నాను. అప్పటికి అతను చెవికి ఆముదం రాస్తున్నాడు. ఎలా చెప్పను? రిటైరయ్యాక ఉప్పల్ రాకపోవడానికి మోకాళ్లు, శనగలు కారణం కాదు. వచ్చి ఆ చెవి ముందు కూర్చోలేను.

నువ్వు అడిగిన కాగితం ఇందులో పెట్టాను. తల్లి నాటు కుక్క, పిల్ల నాటు కుక్క, నేను స్వయంగా ఎరుగుదును అని రాసి సంతకం పెట్టాను. సంఘానికి ఇచ్చే ముందు మీ నాన్నకు చదివి వినిపించు. నన్ను తిడితే తిట్టనివ్వు. మాట్లాడటం మానేస్తే మాత్రం నాకు రాయకు.

జ్ఞానయ్య


ఉప్పల్,
16 ఫిబ్రవరి 1993

పెదనాన్నకు హన్నా వందనాలు.

మీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. నాన్న వరండాలో కూర్చునేవాడని నాకు నిజంగా తెలియదు. ఆ రోజుల్లో సాయంత్రం ఇంటికి వచ్చి "ఇయ్యాల పని మస్తుగుండె" అనేవాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అన్నాలు తిన్నాక, నాన్నకు మీ కాగితం చదివాను. ఉత్తరం కూడా చదివాను, వరండా ముక్క వదిలేసి. నాన్న మంచం మీద కదలకుండా విన్నాడు. చదవడం అయ్యాక చాలాసేపు మేజర్ వైపు చూశాడు. అప్పుడు ఏమన్నాడో తెలుసా?

"సూసినవా బిడ్డా, జ్ఞానయ్యన్న ఎంత గొప్పోడో! నా కుక్కను కాపాడనీకి అబద్ధం రాసిండు. చర్చి పెద్ద, ఏనాడూ ఒక్క అబద్ధం ఆడనోడు, కాగితం మీద సంతకం పెట్టి మరీ రాసిండు. నా కోసం!"

కళ్లు తుడుచుకున్నాడు, పెదనాన్నా. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది.

"గది అబద్ధం కాదు నాన్నా, నిజం" అన్నాను.

"నీకు చదువొచ్చుగని మనుషులు తెల్వదు. లారీ, బుట్ట, మూడు పిల్లలు సచ్చుడు, గివన్ని ఎట్ల అల్లిండో సూడు. పాపం, ఎంత ఆలోచన చేసిండో."

ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టాడు. సంఘానికి ఇవ్వనివ్వడట. తన కోసం మీరు చేసిన పాపం నలుగురి ముందు చదివించడం తప్పట. ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున్న బస్సుకు మేజర్‌ని తీసుకుని మీ దగ్గరికి బయలుదేరుతాడట. మీ చేతులు పట్టుకుని, "అన్నా, నా కోసం గింత పని చేయొద్దు" అని చెబుతాడట.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? నిజం చెబితే అబద్ధం అంటున్నాడు. మేజర్‌కు కొత్త గొలుసు నచ్చలేదు, పళ్లతో కొరుకుతోంది. పన్నెండు రోజులే ఉన్నాయి.

హన్నా


సదాశివపేట,
20 ఫిబ్రవరి 1993
(కార్డు)

హన్నాకు దీవెనలు. నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీ పెద్దమ్మ మాత్రం నవ్వింది. ఆరేళ్ల కిందటి అబద్ధాన్ని నమ్మి, ఇప్పటి నిజాన్ని నమ్మని మనిషికి ఎన్ని కాగితాలు రాసినా లాభం లేదు. అతనికి కాగితం కాదు, కళ్లు పని చేస్తాయి. ఇరవై ఎనిమిదో తేదీకి ముందే అతన్నీ మేజర్‌నీ నాచారంలో కిష్టమ్మ బర్రెల కొట్టానికి తీసుకుపో. అక్కడి కుక్కల్ని చూడమను. చెవులు చూడమను. చనిపోయిన కుక్క ఆమెదే. బుట్ట తెచ్చింది ఆమే. నోరు విప్పవద్దని ఆరేళ్ల కిందట ఆమె చేత కూడా మాట తీసుకున్నాను, ఇప్పుడు విప్పవచ్చని చెప్పు. అతను ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి.
జ్ఞానయ్య


ఉప్పల్,
3 మార్చి 1993

పూజ్యులైన జ్ఞానయ్య పెదనాన్నకు హన్నా వందనాలు.

ఉన్నదున్నట్టే రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే క్షమించండి.

మీ కార్డు వచ్చిన మర్నాడే, పాలు మీగడ కట్టడం లేదు, కిష్టమ్మను అడిగి వద్దాం అని నాన్నను బయలుదేరదీశాను. ఆ ఒక్క అబద్ధం నాది. మేజర్‌ని గొలుసుతో నడిపించుకుంటూ నాచారం దాకా నడిచాం. కొట్టం ఇంకా యాభై గజాలు ఉండగానే మేజర్ గొలుసు తెంపేటట్టు లాగింది. గడ్డివాము కింద పడుకున్న మూడు కుక్కలు లేచి నిలబడ్డాయి. ఒకటి ముసలిది, రెండు పడుచువి. మూడూ గోధుమ రంగు. మూడింటికీ కుడి చెవి నిటారుగా ఉంది, ఎడమ చెవి మడతపడి ఉంది.

నాన్న ఆగిపోయాడు. మేజర్ వెళ్లి ముసలిదాన్ని వాసన చూసింది. నాలుగూ పక్కపక్కన నిలబడి మా వైపు చూశాయి. నాలుగు చెవులు లేచి, నాలుగు చెవులు వాలి.

కిష్టమ్మ పేడ చేతులతోనే బయటికి వచ్చింది. మేము అక్కడికి ఎందుకు వచ్చామో ఒక్క చూపులోనే ఆమెకు అర్థమైంది.

"చెప్పనియ్యలే నన్ను జ్ఞానయ్య, ఒట్టేయించుకుండు. గీ ముసల్ది నీ మేజర్‌కు పినతల్లి, ఆశీర్వాదం. మా కుక్కలకు తాతల నుంచి గదే చెవి."

నాన్న ఒక్కొక్క కుక్క దగ్గరికి వెళ్లి చెవి పట్టుకుని చూశాడు. మూడూ చూశాడు. తర్వాత మేజర్ చెవి చూశాడు. మళ్లీ మొదటిది చూశాడు. లేచి నిలబడి, ఎవరితోనూ కాకుండా అన్నాడు.

"ఆరు నెలలు ఆముదం రాసిన గద."

కిష్టమ్మకు ఆరేళ్లుగా ఆపుకున్న నవ్వు ఒక్కసారి వచ్చింది. గోడకు ఆనుకుని, కింద కూర్చుని, పేడ చేతులు గాలిలో పెట్టి నవ్వింది. "ప్లాస్టర్ గూడ ఏసినవ్ గదనే! పాలకొచ్చినప్పుడు సూసి నేను సందు మలిగినంక నవ్వుకుంటుంటి!" అంది. నాన్న ముఖం ఎర్రబడింది. నేను భయపడ్డాను. అంతలో ఆయన పెదవి వణికింది, తర్వాత భుజాలు కదిలాయి. ఇద్దరూ కలిసి ఎంత నవ్వారంటే బర్రెలు మేత ఆపి చూశాయి. నాన్న అలా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

తిరిగి వస్తూ సగం దారిలో రోడ్డు పక్కన టీ బండి దగ్గర ఆగాం. గ్లాసు చేతిలో పెట్టుకుని, "వరండా సంగతి గూడ రాసిండా ఉత్తరంల?" అని అడిగాడు. రాశారని చెప్పాను. గ్లాసు బండి మీద పెట్టాడు.

"ఊరకుక్క అంటే నేను తీసుకోకపోదును బిడ్డా. గప్పుడు నన్ను నేనే గట్ల అనుకుంటుంటి. గది జ్ఞానయ్యన్నకు తెల్సింది."

అంతే. మేజర్‌కు బన్ను కొనిపెట్టాడు.

ఇరవై ఎనిమిదో తేదీ బస్సు ఎక్కకుండా, ఆ రోజే ఉన్న సంఘం మీటింగుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేను మినిట్స్ పుస్తకం తెరిచి కూర్చున్నాను. నాన్న మీ కాగితం టేబుల్ మీద పెట్టి చెప్పాడు: "సార్, నేను తప్పు రాయించిన. నా కుక్క అల్సేషియన్ కాదు, నాచారం బర్రెల కొట్టంల పుట్టింది. నన్ను కుక్కను సూసి పెట్టుకున్నరు. ఉంచుతరో తీసేస్తరో మీ దయ."

బసవరాజు గారు లేచి, "అయితే నా డాబర్‌మన్ కూడా నాచారంలోనే పుట్టిందని రాసుకోండి!" అన్నారు. అందరూ నవ్వారు. వెనక వరసలోంచి అనంతలక్ష్మి గారు కట్టు విప్పిన చెయ్యి ఎత్తారు. "ఐదేళ్లుగా మన కాలనీలో దొంగతనం జరగలేదు. అది అల్సేషియన్ కాదని దొంగలకు తెలియదు కదా? ఇప్పుడు మనమెందుకు చాటింపు వెయ్యడం?" అన్నారు. చిదంబరం గారు భార్య మాటకు ఎదురు చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు నేను చెయ్యకూడని పని ఒకటి చేశాను, పెదనాన్నా. మినిట్స్ రాసేవాళ్లు మాట్లాడకూడదు. పెన్ను కింద పెట్టి లేచాను. "మేజర్ జాతి ఏమిటో దానితో ఆరేళ్లు ఉన్న మాకే తెలియలేదు. ఇంటింటికీ తిరిగి రాసిన నాకూ తెలియలేదు. అలాంటప్పుడు జాతి పేరు చూసి పంపించడం ఎలా? ఏ కుక్కకైనా ఏటా సూది వేయించాలి, గేటు మూసి ఉంచాలి అంటే సరిపోదా?" అన్నాను. బసవరాజు గారు చప్పట్లు కొట్టారు, ఆయన కుక్క కోసమేననుకోండి. చిదంబరం గారు ఇంగ్లండు కత్తిరింపు చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఈ నెల ఇరవై ఒకటో తేదీ సర్వసభ్య సమావేశంలో నేను చెప్పినట్టే కొత్త నిబంధన పెడతామన్నారు. అప్పటి వరకు ఏ కుక్కనూ పంపనక్కర్లేదు. "ఈ ముక్క కూడా నువ్వే రాయి, ముత్యాల్లాగా రాయి" అన్నారు. నాన్న పని సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత పుటలో "అల్సేషియన్" అన్న మాట మీద మాత్రం చిదంబరం గారే సన్నగా గీత గీశారు. ఇప్పుడు "వాచ్‌మన్‌గా ఆశీర్వాదం, కుక్కతో సహా" అని ఉంది.

ఆ రోజు అమ్మ మళ్లీ పాయసం వండింది. మేజర్‌కు కూడా పెట్టింది. కొత్త గొలుసు బావి గిలకకు పనికొచ్చింది.

ఇక మిగిలింది ఒక్కటే. సూదుల కోసం సంఘం వారు కొత్త ఫారాలు అచ్చు వేయించారు. జాతి పేరు చూసి పంపేది లేకపోయినా, "జాతి" అన్న గడి మాత్రం అందులోంచి పోలేదు. అన్నీ నింపాను. ఆ గడి దగ్గర "నాటు" అని రాయబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. మొదలు దానికి జాతి పెట్టింది జ్ఞానయ్యన్న. ఆ జాతి పోయింది. ఇంకొకటి ఆయన్నే పెట్టమను. నాచారందని తెలిసేటట్టు ఉండాలె, గని జర పెద్ద పేరు పెట్టమను."

"పెదనాన్న మీద కోపం లేదని రాయనా నాన్నా?" అని అడిగాను.

"గట్ల రాయకు. కోపం ఉందని రాయి. వచ్చి చెవి సూసి పోతే తగ్గుతదని రాయి."

రాశాను. ఫారం సమావేశానికి ముందు రోజు ఇవ్వాలి. కాబట్టి ఇరవయ్యో తేదీ లోపల జవాబు అందేలా రాయండి, పెదనాన్నా. గడి చిన్నది, ఒక కార్డు చాలు. మీరే వస్తే కార్డు కూడా అక్కర్లేదు.

మీ బిడ్డ,
హన్నా